గుర్దాలు ఖామోష్, ఖూన్ గవాహీ

లూపస్ ఉన్న బిడ్డ ఇంట్లో ఒక లావుపాటి ఫైలు ఉంటుంది. రెండు మూడు నెలలకోసారి అందులో కొత్త కాగితం చేరుతుంది. పేర్లు మాత్రం అవే. క్రియాటినిన్, సి3, సి4, యాంటీ డీఎస్ డీఎన్‌ఏ. అమ్మీ ఆ అంకెల్ని డాక్టర్ మొహంలో చదువుకుంటుంది. అబ్బా ఫోన్‌లో వెతుక్కుంటాడు. నానీ ఆ కాగితాల వైపే చూడదు. బిడ్డ మొహం చూసి, "బచ్చీ అచ్ఛీచ్ హై నా, ఇంక సూదులు కాయ్‌కు?" అంటుంది.

ఈ సవాల్ చాలా ఇళ్లలో వినపడేదే. ఆడుకుంటున్న, నవ్వుతున్న బిడ్డకు మళ్లీ మళ్లీ ఖూన్ తీయించడం ఎవరికి మాత్రం మనసొప్పుతుంది? దీనికి జవాబ్ తారీఖ్‌లో దొరుకుతుంది. ఆ కాగితం మీది ఒక్కో పేరు వెనక ఒక్కో జమానా ఉంది. అంతకు ముందున్న పరీక్ష ఏదో ఒక చోట సరిపోలేదు కాబట్టే తర్వాతి పరీక్ష పుట్టింది. ఆ వరుస తెలిస్తే అంకెలంటే భయం కొంత తగ్గుతుంది, వాటి అవసరం ఏమిటో తెలుస్తుంది.

ముందు మర్జ్ గురించి రెండు మాటలు. మన జిస్మ్‌లో రోగాలతో పోరాడే ఒక ఫౌజ్ ఉంటుంది. లూపస్‌లో ఆ ఫౌజ్ దుష్మన్‌ను వదిలేసి సొంత ఇంటి మీదే పడుతుంది. చర్మం, కీళ్లు, గుండె పొర, మెదడు, దేన్నయినా తాకగలదు. లూపస్ వచ్చినవాళ్లలో 100కి 10 నుంచి 20 మందికి అది 18 ఏళ్లలోపే మొదలవుతుంది. వాళ్లలో ఆడపిల్లలే ఎక్కువ. పెద్దవాళ్లకంటే పిల్లల్లో గుర్దాలు దెబ్బతినడం ఎక్కువ. సగానికి పైగా పిల్లల్లో అది జరుగుతుంది, చాలామందికి మొదటి రెండేళ్లలోనే. అసలు చిక్కేమిటంటే గుర్దాకు ఇలా వాపు వస్తే సాధారణంగా నొప్పి ఉండదు. కడుపు నొస్తే బిడ్డ ఏడుస్తుంది, కీలు నొస్తే కుంటుతుంది. గుర్దా మాత్రం పాడవుతూ కూడా ఖామోష్‌గానే ఉంటుంది. అందుకే దాని హాల్ చెప్పడానికి వేరే గవాహీ కావలసి వచ్చింది.

కరూరా, చెంచా, కొవ్వొత్తి

మన హకీములు నబ్జ్ పట్టుకున్నాక చూసేది కరూరా, అంటే గాజు సీసాలో పట్టిన మూత్రం. ఇబ్న్ సీనా వెయ్యేళ్ల కిందట తన అల్-ఖానూన్‌లో మూత్రంలో ఏమేం చూడాలో వరుసగా రాశాడు. రంగు, చిక్కదనం, తేటదనం, అడుగున దిగే మడ్డి, వాసన, ఎంత వచ్చింది, పైన నురుగు ఎలా ఉంది. అంతకు ఎన్నో శతాబ్దాల ముందు యూనాన్‌లో బుఖ్రాత్, అంటే హిప్పోక్రటీస్, పేరుతో నడిచిన సూత్రాల్లో కూడా మూత్రం మీద బుడగలు నిలిస్తే గుర్దాల మర్జ్ అని ఉంది. చార్మినార్ పక్కనున్న నిజామియా తిబ్బీ దవాఖానా దాకా వచ్చిన ఇల్మ్ ఇదే. నురుగు నిశానీ అని వాళ్లకు తెలుసు. ఆ నురుగు లోపల ఏముందో తెలుసుకునే సాధనం ఆ జమానాలో లేదు.

ఆ పని లండన్‌లోని గైస్ హాస్పిటల్‌లో జరిగింది. 1827లో అక్కడి డాక్టర్ రిచర్డ్ బ్రైట్ ఒక కితాబ్ అచ్చు వేయించాడు. ఒళ్లంతా నీరు పట్టి చనిపోయిన మరీజుల శవాలను కోసి చూస్తే గుర్దాలు పాడైపోయి ఉండేవి. అదే మరీజుల మూత్రాన్ని వాళ్లు బతికుండగా ఒక చెంచాలో పోసి కొవ్వొత్తి మంట మీద కాస్తే, గుడ్డు తెల్లసొన ఉడికినట్టు గడ్డకట్టేది. అది ఆల్బుమిన్, ఖూన్‌లో ఉండాల్సిన ప్రొటీన్. జల్లెడ చిరిగితే పిండితో పాటు పొట్టూ కిందికి జారినట్టు, గుర్దాలోని సన్నని జల్లెడ దెబ్బతింటే ప్రొటీన్ మూత్రంలోకి జారిపోతుంది. నురుగుకు కారణం అదే.

బ్రైట్‌తో కలిసి పనిచేసిన జాన్ బోస్టాక్‌కు కెమిస్ట్రీ బాగా తెలుసు. ఆయన అవే మరీజుల ఖూన్ పరీక్షించి రెండు సంగతులు చూశాడు. ఒకటి, ఖూన్‌లో ప్రొటీన్ తగ్గింది. రెండు, మూత్రంలో బయటికి పోవాల్సిన యూరియా లాంటి పదార్థం ఖూన్‌లోనే నిలిచింది. అంతకు కొన్నేళ్ల ముందే జెనీవాలో ప్రెవో, డ్యూమా అనే ఇద్దరు జంతువుల గుర్దాలు తీసేస్తే ఖూన్‌లో యూరియా పేరుకుంటుందని చూపించి ఉన్నారు. గుర్దా చెప్పని మాటను ఖూన్ చెప్పడం ఇక్కడే మొదలైంది.

భేడియా చర్మం దాటింది

లూపస్ అంటే లాటిన్‌లో తోడేలు, మన భేడియా. మొహాన్ని కొరికేసినట్టుండే పుండ్లకు మధ్యయుగాల యూరప్ పెట్టిన పేరు అది. 1851లో ప్యారిస్ డాక్టర్ కాజెనావ్ ఎర్రని మచ్చలతో వచ్చే రకానికి లూపస్ ఎరిథెమటోసస్ అనే పేరు ఖాయం చేశాడు. అప్పటికి అది చర్మపు జబ్బే. 1872లో వియన్నాలో కపోసి జ్వరం, కీళ్ల నొప్పులు, చావు దాకా పోయే రకం కూడా ఉందని రాశాడు. 1895 నుంచి 1904 వరకు బాల్టిమోర్‌లో విలియం ఓస్లర్ రాసిన వ్యాసాల్లో చర్మం మీది మచ్చలతో పాటు గుర్దాలు కూడా దెబ్బతిన్న మరీజులు ఉన్నారు. బ్రైట్ చూసిన గుర్దా, కాజెనావ్ చూసిన చర్మం, రెండూ ఒకే కథలో కలిశాయి. కానీ ఎవరి గుర్దా ఎప్పుడు దెబ్బతింటుందో ముందుగా పట్టుకునే దారి ఇంకా లేదు.

రంగులతో కొలిచిన ఉస్తాదులు, మన భీమవరం షాగిర్ద్

క్రియాటినిన్ కథ వేరే దారిలో నడిచింది. ఇది మన కండరాల నుంచి రోజూ వచ్చే చెత్త. గుర్దా దాన్ని బయటికి పంపిస్తుంది. పంపలేకపోతే ఖూన్‌లో నిలుస్తుంది. 1886లో మాక్స్ యాఫే అనే జర్మన్ కెమిస్ట్ పిక్రిక్ యాసిడ్ కలిపితే క్రియాటినిన్ నారింజ ఎరుపు రంగు ఇస్తుందని గమనించాడు. ఆ రంగు ఎంత ముదిరిందో చూసి క్రియాటినిన్ ఎంతుందో కొలిచే పద్ధతిని ఓటో ఫోలిన్ తయారు చేశాడు. 1919లో ఫోలిన్, చైనా నుంచి వచ్చిన షియెన్ వూ కలిసి, కొద్దిపాటి ఖూన్‌తోనే యూరియా, క్రియాటినిన్, యూరిక్ యాసిడ్, చక్కెర అన్నీ కొలిచే పూర్తి పద్ధతిని ప్రచురించారు. ఇవాళ మనం ల్యాబ్‌లో చెప్పే "కిడ్నీ టెస్టు"కు పునాది అక్కడ పడింది.

ఆ ఫోలిన్ నడిపిన విభాగంలోనే మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పనిచేశాడు. 1923లో బోస్టన్ చేరిన ఆయన, 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి ఖూన్‌లో, మూత్రంలో ఫాస్ఫరస్‌ను నీలి రంగుతో కొలిచే పద్ధతి ప్రచురించాడు. ప్రపంచంలోని ల్యాబులు దాన్ని దశాబ్దాలపాటు ఫిస్కే-సుబ్బారావ్ పద్ధతి అనే పిలిచాయి. గుర్దాలు బాగా దెబ్బతిన్నప్పుడు ఖూన్‌లో పెరిగేవాటిలో ఫాస్ఫరస్ ఒకటి. గుర్దా మరీజ్ రిపోర్టులో ఫాస్ఫరస్ అనే వరుస కనిపిస్తే, ఆ కొలత తారీఖ్‌లో ఒక తెలుగువాడి చేయి ఉందని గుర్తుంచుకోండి.

క్రియాటినిన్ మంచి గవాహ్. కానీ పిల్లల విషయంలో ఈ గవాహ్ మాట జాగ్రత్తగా వినాలి. కండ ఎక్కువున్న మనిషిలో అది ఎక్కువ, చిన్న జిస్మ్‌లో తక్కువ. రిపోర్టు పక్కన అచ్చయ్యే నార్మల్ అంకెలు చాలాసార్లు పెద్దవాళ్లవి. 1976లో జార్జ్ ష్వార్ట్జ్ అనే పిల్లల డాక్టర్, బిడ్డ ఎత్తును కూడా కలిపి గుర్దా పనిని అంచనా వేసే లెక్క ఇచ్చాడు. 2009లో దాన్ని కొత్త ల్యాబ్ పద్ధతులకు తగ్గట్టు సరిచేశారు. ఎత్తును సెంటీమీటర్లలో తీసుకుని 0.413తో గుణించి క్రియాటినిన్‌తో భాగిస్తే చాలు.

ఒకసారి చేసి చూద్దాం. 120 సెంటీమీటర్ల ఎత్తున్న బిడ్డకు క్రియాటినిన్ 0.5 ఉందనుకోండి. లెక్క 99 వస్తుంది. బాగుంది. అదే బిడ్డకు కొన్ని నెలల తర్వాత 1.0 వచ్చింది. పెద్దవాళ్ల కొలతలో అది ఇప్పటికీ నార్మలే, కాగితం మీద ఎర్ర గుర్తు కూడా పడకపోవచ్చు. కానీ లెక్క 50కి దిగిపోయింది. 90 పైన ఉండాల్సిన చోట 50. అంటే గుర్దా పని సగానికి పడిపోయినా కాగితం "నార్మల్" అనే అంటోంది. పైగా క్రియాటినిన్ పెరగడం నుక్సాన్ జరిగాక వచ్చే ఖబర్. నిప్పు అంటుకున్నప్పుడే చెప్పే గవాహ్ కావాలి.

నిప్పు అంటుకున్నప్పుడే చెప్పేవి

ఆ వెతుకులాట 1948లో ఒక మలుపు తిరిగింది. అమెరికాలోని మేయో క్లినిక్‌లో మాల్కమ్ హార్‌గ్రేవ్స్, హెలెన్ రిచ్‌మండ్, రాబర్ట్ మోర్టన్ లూపస్ మరీజుల ఎముక మూలుగలో ఒక వింత కణాన్ని చూశారు. ఒక తెల్లకణం ఇంకో కణం గుండెకాయను, అంటే కేంద్రకాన్ని, మింగేసి ఉంది. దానికి ఎల్ఈ కణం అని పేరు పెట్టారు. ఆ తర్వాత క్లీవ్‌లాండ్‌లో జాన్ హేసెరిక్, లూపస్ మరీజ్ ఖూన్‌లోని ప్లాస్మాను మామూలు మనిషి మూలుగతో కలిపినా అదే కణం పుడుతుందని చూపించాడు. అంటే తప్పు మూలుగలో లేదు, ఖూన్‌లో తిరుగుతున్న ఏదో ఒక పదార్థంలో ఉంది.

అదేమిటో 1957లో తేలింది. న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో హెన్రీ కుంకెల్, ఆయన సాథీలు, యూరప్‌లో మరికొందరు, దాదాపు ఒకే సమయంలో ఒకే జవాబ్ దగ్గరికి చేరారు. లూపస్ మరీజ్ ఖూన్‌లో కణ కేంద్రకం మీద, అందులోని డీఎన్‌ఏ మీద దాడి చేసే యాంటీబాడీలు ఉన్నాయి. ప్రాణానికి మూలమైన డీఎన్‌ఏనే ఫౌజ్ దుష్మన్ అనుకుంటోంది. రిపోర్టులో యాంటీ డీఎస్ డీఎన్‌ఏ అంటే ఇదే. డీఎస్ అంటే రెండు పోగుల డీఎన్‌ఏ. 1975లో నెదర్లాండ్స్ సైంటిస్టులు దీన్ని పట్టుకోవడానికి ఈగల్లో బతికే క్రిథీడియా అనే ఏకకణ జీవిని వాడుకున్నారు. దానిలో ఒకచోట రెండు పోగుల డీఎన్‌ఏ ముద్దగా ఉంటుంది. ఆ ముద్ద వెలిగితే పరీక్ష పాజిటివ్. ఆ పద్ధతి ఇప్పటికీ వాడుకలో ఉంది.

సి3, సి4 సంగతి ఇంకోటి. ఇవి కాంప్లిమెంట్ అనే ప్రొటీన్లు, ఫౌజ్‌కు మందుగుండు లాంటివి. యాంటీబాడీలు, డీఎన్‌ఏ ముక్కలు ఉండలు కట్టి గుర్దా జల్లెడలో ఇరుక్కుంటే, అక్కడ లడాయి మొదలై ఈ మందుగుండు ఖర్చవుతుంది. అందుకే మిగతా పరీక్షల్లో పెరిగితే ఫికర్ అయితే, వీటిలో తగ్గితే ఫికర్. లూపస్‌లో కాంప్లిమెంట్ తగ్గుతుందని 1951లోనే గమనించారు. 1953లో, మూత్రంలో ఆల్బుమిన్ పోయే మరీజుల్లో అది మరీ తగ్గుతుందని ఇంకో జట్టు చూసింది.

ఇదంతా గుర్దాలోనే జరుగుతోందనడానికి సబూత్ ఏది? 1967లో కోఫ్లర్, షుర్, కుంకెల్ లూపస్‌తో చనిపోయినవారి గుర్దాల జల్లెడల నుంచి యాంటీబాడీలను విడదీసి చూశారు. డీఎన్‌ఏ మీద దాడి చేసేవి అక్కడ గుమిగూడి ఉన్నాయి. 1968లో పీటర్ షుర్, జాన్ శాండ్‌సన్ మరీజుల ఖూన్‌ను వరుసగా చాలాకాలం గమనించి, కాంప్లిమెంట్ పడిపోవడం, డీఎన్‌ఏ యాంటీబాడీలు కనిపించడం, ఈ రెండూ గుర్దా మర్జ్ చురుగ్గా ఉండటంతో ముడిపడి ఉన్నాయని చూపించారు. మన పిల్లలకు రెండు మూడు నెలలకోసారి ఈ రెండు పరీక్షలూ జంటగా రాయడం వెనక ఉన్న పని ఇదే. ఒక్కసారి తీసిన ఫొటో కంటే వరుసగా తీసిన ఫొటోలు ఎక్కువ చెబుతాయి.

ఏ ఒక్కరి మాటా ఆఖరి ఫైసలా కాదు

ఇక్కడే చాలా కుటుంబాలు పరేషాన్ అవుతాయి. సి3 కాస్త తగ్గితే ఇల్లంతా ఏడుపు. నార్మల్ వస్తే దవా బంద్. రెండూ తప్పే.

గొంతు నొప్పి లేదా చర్మం మీద పుండ్ల తర్వాత కొందరు పిల్లలకు వచ్చే గుర్దాల వాపులో కూడా సి3 తగ్గుతుంది. అది సాధారణంగా 6 నుంచి 8 వారాల్లో మళ్లీ లేస్తుంది. అది లూపస్ కాదు. ఇంకోవైపు, కొందరు లూపస్ మరీజుల్లో డీఎన్‌ఏ యాంటీబాడీ ఏళ్ల తరబడి ఎక్కువగానే ఉంటుంది, గుర్దా మాత్రం ప్రశాంతంగా ఉంటుంది. ఖూన్‌లో అంతా బాగానే కనిపించి, మూత్రంలో ప్రొటీన్ పోయేవాళ్లూ ఉన్నారు. అందుకే ఖూన్ గవాహీ చెబుతుంది, ఫైసలా చెప్పదు.

ఫైసలాకు దగ్గరగా వచ్చేది బయాప్సీ. 1951లో కోపెన్‌హేగన్‌లో ఐవర్సన్, బ్రున్ సూదితో గుర్దా నుంచి చిన్న ముక్క తీసే పద్ధతిని వివరించారు. 1957లో షికాగోలో రాబర్ట్ కార్క్ జట్టు ఆ ముక్కల ఆధారంగా లూపస్ గుర్దాల మీద పెద్ద రచన ప్రచురించింది. శవపరీక్ష దాకా ఆగకుండా, బతికున్న మనిషి గుర్దాలో ఏం జరుగుతోందో డాక్టర్ కళ్లారా చూడగలిగాడు. ఇవాళ కూడా మూత్రంలో ప్రొటీన్-క్రియాటినిన్ నిష్పత్తి 0.5 దాటి నిలిచిపోతే పిల్లల డాక్టర్లు బయాప్సీ ఆలోచన చేస్తారు. ఆ మాట వినగానే బిడ్డను ఎత్తుకుని ఇంకో దవాఖానాకు పరుగెత్తే తల్లిదండ్రులు ఉన్నారు. ఏ రకం నుక్సానో తెలియకుండా ఇచ్చే దవా చీకట్లో విసిరిన రాయి లాంటిది.

ఇదంతా ఎంత విలువైందో ఒక్క లెక్క చెబుతుంది. 1955లో బాల్టిమోర్ డాక్టర్లు మెరెల్, షుల్మన్ 99 మంది లూపస్ మరీజుల వివరాలు లెక్కగట్టారు. 4 ఏళ్ల తర్వాత బతికి ఉండే అవకాశం సుమారు సగం. ఇప్పుడు మంచి ఇలాజ్ అందే చోట 5 ఏళ్ల తర్వాత 10 మంది పిల్లల్లో 9 మందికి పైగా బతికే ఉంటున్నారు. స్టెరాయిడ్లు, వాటి తర్వాత వచ్చిన సైక్లోఫాస్ఫమైడ్, మైకోఫెనోలేట్ లాంటి దవాలు, డయాలసిస్, అన్నీ కలిసి చేసిన పని ఇది. ఆ దవా ఎప్పుడు పెంచాలో, ఎప్పుడు తగ్గించాలో చెప్పడంలో ఈ పరీక్షల పాత్ర ఉంది.

వెతుకులాట ఆగలేదు. 1985లో స్వీడన్‌కు చెందిన ఆండర్స్ గ్రుబ్, ఆయన సాథీలు సిస్టాటిన్ సి అనే ప్రొటీన్‌ను ముందుకు తెచ్చారు. అది క్రియాటినిన్‌లా కండ మీద ఆధారపడదు కాబట్టి పిల్లలకు మేలనిపించింది. కానీ ఎక్కువ మోతాదులో స్టెరాయిడ్లు వాడేవాళ్లలో అది దానంతటదే పెరుగుతుంది. లూపస్ పిల్లలు వాడేదే స్టెరాయిడ్లు! 2006లో సిన్సినాటిలో హెర్మీన్ బ్రూనర్ జట్టు పిల్లల లూపస్‌లో ఎన్‌గాల్ అనే మరో ప్రొటీన్ గుర్దా హాల్ చెప్పగలదని చూపించింది. తర్వాత అదే జట్టు ఆరు పదార్థాలను కలిపి ఒక లెక్క తయారు చేసింది. వాటిని కొలిచేది ఖూన్‌లో కాదు, మూత్రంలో. కరూరా చూసిన హకీమ్ సాబ్ ఉంటే నవ్వుకునేవాడేమో.

ఇక ఇంటికి వద్దాం. ఈ తారీఖ్ అంతా మనకు పనికొచ్చేది రిపోర్టు చేతికొచ్చిన రోజున. ఆ రోజు డాక్టర్‌ను నాలుగు మాటలు అడగండి. నా బిడ్డ ఎత్తుతో లెక్క వేస్తే గుర్దా పని ఎంత? పోయినసారి కంటే సి3, సి4, డీఎన్‌ఏ యాంటీబాడీ ఎటు నడుస్తున్నాయి? మూత్రంలో ప్రొటీన్ ఎంత పోతోంది? బీపీ బిడ్డ వయసుకు, ఎత్తుకు తగ్గట్టే ఉందా? ప్రతి రిపోర్టునూ తేదీల వరుసలో పెట్టుకోండి. వీలైతే ప్రతిసారీ ఒకే ల్యాబ్‌లో చేయించండి, లేకపోతే అంకెలు పోల్చడం కష్టం. మూత్రంలో నురుగు, పొద్దున్నే కళ్ల కింద వాపు, కాళ్ల వాపు, రంగు మారిన మూత్రం కనిపిస్తే తర్వాతి తారీఖ్ దాకా ఇంతెజార్ చేయొద్దు.

చివరగా ఒక మాట, కాస్త చేదుగానే. స్టెరాయిడ్‌తో ఆడపిల్ల మొహం ఉబ్బిందని, రేపు రిష్తా వస్తే ఏమంటారోనని, ఎవరికీ చెప్పకుండా దవా ఆపేసే ఇళ్లు ఉన్నాయి. ఫైలు అల్మారా వెనక దాచేస్తారు. ఉబ్బిన మొహం డాక్టర్ మోతాదు తగ్గించేకొద్దీ చాలావరకు మామూలవుతుంది. స్టెరాయిడ్ ఒక్కసారిగా ఆపేయడం అదే ఒక పెద్ద ఖత్రా. మచ్చ కట్టిన గుర్దా మాత్రం తిరిగి రాదు. దవా ఇష్టం లేకపోతే ఆ మాట డాక్టర్‌తోనే అనండి. మోతాదు తగ్గించే దారి, వేరే దవాకు మార్చే దారి ఆయన దగ్గర ఉంటుంది. రిష్తా చూసేవాళ్ల కోసం ఫైలు దాచొచ్చు. గుర్దా నుంచి దాచలేం. ఆ ఫైలు బయటికి తీయండి, తర్వాతి పరీక్ష తేదీ ఎప్పుడో చూడండి.